పోయే ఈడు

వయసు ఒక్కదాన్నే కొలతగా పెట్టుకుని మనిషి పనికివస్తాడో రాడో తేల్చేసే ధోరణిని వయోవివక్ష అంటారు. అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1969లో దీనికి ఇంగ్లిషులో పేరు పెట్టాడు గానీ, తెలంగాణలోని నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో దీనికి ప్రత్యేకించి పేరంటూ లేదు. అక్కడ ఇది తిట్టుగా కాక చాలావరకు జాలిగానే వినిపిస్తుంది. ‘ముసలిపానం, ఇంట్ల కూసో’ అనే మాటలో ఆపేక్ష ఎంతుందో పక్కకు నెట్టడమూ అంతే ఉందన్న సంగతి కరోనా కాలంలో బయటపడింది.

2020 మే 17న కేంద్ర హోంశాఖ ఇచ్చిన లాక్‌డౌన్ మార్గదర్శకాలు 65 ఏళ్లు దాటినవారు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, దీర్ఘరోగులు నిత్యావసరాలకూ వైద్యానికీ తప్ప గడప దాటరాదని చెప్పాయి. వృద్ధులకే ఆ వైరస్ ఎక్కువ ప్రాణాంతకం కనుక వైద్యపరంగా ఆ మాటను తప్పుపట్టలేం; కాకపోతే అది మనసులో పెట్టుకున్న ఇల్లు వేరు. పడుచువాళ్లు కూలికి తీసుకుపోయే గుంపు మేస్త్రీల వెంట ముంబై, పుణె దారి పట్టిన పాలమూరు ఇళ్లలో మిగిలేదే ముసలివాళ్లూ, వాళ్లకు అప్పజెప్పిపోయిన మనుమలూ. అంటే గడప దాటవద్దన్న ఆ రెండు వర్గాలు తప్ప చాలా ఇళ్లలో మూడో మనిషే లేడు. రేషన్ దుకాణం ముందు నిలబడేదీ, మేకలను తోలుకుపోయేదీ, బోరు దగ్గర బిందె నింపేదీ అరవై ఐదు దాటిన ఆ అవ్వే.

హోం ఐసొలేషన్, అంటే వైరస్ సోకినవారు ఇంట్లోనే విడిగా గడపడం, విడి గదీ విడి మరుగుదొడ్డీ ఉన్నవారికి కుదిరే ఏర్పాటు. 2021 మేలో నల్లగొండ జిల్లా అడవిదేవులపల్లి మండలం కొత్తనందికొండలో ఇంట్లో విడిగా ఉండే చోటు లేని విద్యార్థి ఒకరు చెట్టు కొమ్మల మధ్య వెదురు కర్రలతో పడక కట్టుకుని 11 రోజులు గడిపిన వార్త దేశమంతా తిరిగింది. అతనిది చెట్టెక్కగల ఈడు. మోకాళ్లు వంగనివారికి దక్కేది పశువుల కొట్టమో, అరుగు మీది నులక మంచమో, దాని పక్కన వేరే పళ్లెం, వేరే గ్లాసు. హోటళ్లలో తమకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని అనుభవించిన తరం దళిత వృద్ధులకు ఆ వేరే గ్లాసు వట్టి వైద్య నియమంగానే కనిపించి ఉంటుందా అన్నది అడగవలసిన ప్రశ్న, అప్పట్లో దాన్ని అడిగినవాళ్లు తక్కువ. మర్రిగూడ వంటి ఫ్లోరైడ్ మండలాల్లోనైతే నీళ్ల విషంతో కీళ్లు బిగుసుకుపోయి నడివయసులోనే నడుం వంగినవారున్నారు. మార్గదర్శకం మనిషి పుట్టిన సంవత్సరాన్నే చూసింది, నడుమును చూడలేదు.

మరణాల లెక్కలోనూ ఇదే చూపు కనిపిస్తుంది. 2020 ఆగస్టు నాటి తెలంగాణ ఆరోగ్యశాఖ బులెటిన్లు చనిపోయినవారిని రెండుగా విడదీసి, కోవిడ్ వల్ల 46.13 శాతం, సహవ్యాధుల వల్ల 53.87 శాతం అని ప్రకటించేవి. సహవ్యాధులంటే బీపీ, షుగర్ వంటి ముందునుంచీ ఉన్న జబ్బులు. షుగర్‌తో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చిన మనిషి కోవిడ్ సోకిన పది రోజులకు పోతే ఆ చావును షుగర్ ఖాతాలో వేయడం గణాంకమే కావచ్చు గానీ, ఊళ్లో దాని అనువాదం ‘ఎట్లయినా పోయే ఈడే గదా’. అదే ఏడాది మార్చిలో టెక్సాస్ లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ దేశ ఆర్థిక వ్యవస్థ కోసం తాతలు ప్రాణాలొడ్డడానికి సిద్ధమేనన్న అర్థంలో మాట్లాడి విమర్శలపాలయ్యాడు. పాలమూరులో ఆ మాటను పైకి అనవలసిన అవసరమే పడలేదు. ఈ చూపును కోర్టులో ప్రశ్నించినవారూ ఉన్నారు: 65 దాటిన నటులను షూటింగులకు రానివ్వని మహారాష్ట్ర నిబంధనను 2020 ఆగస్టులో బాంబే హైకోర్టు కొట్టేసింది. కూలికి పోయే అవ్వ తరఫున అలా కోర్టుకెక్కేదెవరు?

టీకా విషయంలో మాత్రం సాధారణ ప్రజల్లో వృద్ధులకే ముందు వరుస దక్కింది. 60 దాటినవారికి 2021 మార్చి 1న టీకాలు మొదలయ్యాయి, టీకాకు పేరు నమోదు చేసుకునే కోవిన్ పోర్టల్‌లోకి తెలుగు మాత్రం జూన్‌లో వచ్చింది.

రెండో అల పడుచువాళ్లనూ తీసుకుపోయినప్పుడు వివక్ష వృద్ధుల నోటినుంచే వినిపించింది. ‘నన్ను తీస్కపోక పిలగాన్ని తీస్కపాయె’ అన్న ఏడుపు ఈ నేలకు కొత్తదేమీ కాదు, అందులోని దుఃఖం నిజమే. అయినా తన ప్రాణం తక్కువ విలువదన్న లెక్కను మనిషి తానే ఒప్పేసుకోవడం, అంటే వివక్ష లోపలికి ఇంకిపోవడం, అందులో ఉంది.

ఈ లెక్కకు ఎదురు నిలిచేది మరో లెక్క. ఆసరా పింఛన్ పథకం 2014 నవంబర్ 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులోనే మొదలైంది. 2019లో వృద్ధుల పింఛన్ వెయ్యి రూపాయల నుంచి 2,016కు పెరిగింది. అర్హత వయసును 57కు తగ్గిస్తామన్న 2018 నాటి హామీ ప్రకారం కొత్త పింఛన్లు అందింది 2022 ఆగస్టులో, అంటే మహమ్మారి తీవ్రత తగ్గాక. కాబట్టి కరోనా కాలమంతా ఇంట్లో కూర్చోమన్న వయసూ పింఛనొచ్చే వయసూ ఒకటే, 65. 2020 వేసవిలో కూలి దొరకక కొడుకులు, కోడళ్లు ఉత్తచేతులతో తిరిగొచ్చిన ఇళ్లలో నెలనెలా ఖాయంగా వచ్చేది ఆ 2,016 రూపాయలే. దానికోసం పోస్టాఫీసుకు పోయి వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టవలసింది కూడా ముసలామే, కలుపు తీసీ గడ్డి కోసీ అరిగిన గీతలు ఆ చిన్న అద్దానికి ఓ పట్టాన అందక, వేలు కొంగుకు తుడుచుకుని, మళ్లీ మళ్లీ నొక్కుతూ.