నోటిమాటకి వెనక్కి రాకండి

"ఆంటీ, పీహెచ్‌డీలో చేరితే ఇక పెళ్లెప్పుడని అమ్మ ఒకటే గొడవ. మీరైనా చెప్పండి" అంటూ మొన్న ఆదివారం మా పైవాటా అమ్మాయి సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని వచ్చింది. ఎంటెక్ పూర్తిచేసింది. మా వెంగళరావు నగర్ సందుల్లో అమీర్‌పేట కోచింగులకి పరుగెత్తే పిల్లలే ఎక్కువ. పరిశోధన చేస్తానన్న ఆడపిల్లని చూడగానే ముచ్చటేసింది. అయినా కాస్త తటపటాయించాను. నేను మధ్యలో మానేసినదాన్ని మరి!

2017లో కాలేజీలో పాఠాలు చెబుతూనే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. కోర్సువర్కు అయింది. మరుసటేడు రెండో కాన్పు. సెలవు సంగతి అడగబోతే ఆఫీసులో ఒకాయన "పసిపిల్లతో ఇవన్నీ మీకెందుకమ్మా, ఎలాగూ గడువు దాటిపోతుంది" అన్నాడు. కాగితం మీద రాసివ్వమని నేనూ అడగలేదు. పుస్తకాలు అటకెక్కించాను.

మహిళలకి గరిష్ఠ గడువులో రెండేళ్ల సడలింపు, ప్రసూతికీ పిల్లల సంరక్షణకీ 240 రోజుల దాకా సెలవు ఇవ్వవచ్చని 2016 యూజీసీ నిబంధనల్లోనే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. అసోసియేట్ ప్రొఫెసర్ పదవికి పీహెచ్‌డీ ఉండాలని 2019లో ఏఐసీటీఈ చెప్పాక, నేను పోగొట్టుకున్నదేమిటో అర్థమైంది.

అందుకే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి 2022 నిబంధనలు వివరంగా చెప్పాను. ఎంటెక్‌లో 55 శాతం మార్కులు ఉండాలి. నాలుగేళ్ల బీటెక్‌తోనే చేరాలంటే 75 శాతం. రిజర్వేషన్ వర్గాలకీ, వికలాంగులకీ 5 శాతం సడలింపు ఉంది. విశ్వవిద్యాలయం పెట్టే ప్రవేశపరీక్షకి 70, ఇంటర్వ్యూకి 30 చొప్పున లెక్క. గేట్ వంటి పరీక్షలో ఫెలోషిప్‌కి అర్హత ఉంటే ఇంటర్వ్యూతోనే తీసుకోవచ్చు. పార్ట్‌టైమ్‌లో చేరే ఉద్యోగులకి యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి.

చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు, అందులో 55 శాతం మార్కులు. ఆపైన పరిశోధన, సిద్ధాంత గ్రంథం, బయటి పరీక్షకుల మదింపు, చివర వైవా. కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లు గడువు. మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మరో రెండేళ్లు. మహిళలకి సడలింపులన్నీ కలిపి పదేళ్ల దాకా వీలుంది. 240 రోజుల సెలవు ఇందులోనూ ఉంది. పెళ్లై వేరే ఊరు వెళ్తే, షరతులకి లోబడి పరిశోధన వివరాలు అక్కడి సంస్థకి మార్చుకోవచ్చు.

ఇవి విశ్వవిద్యాలయాలకి వర్తించేవి. ఐఐటీలకి సొంత నిబంధనలు ఉంటాయి. ఎక్కడ చేరినా ఆ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదవాల్సిందే.

సాయంత్రం వాళ్లమ్మ కిందికొచ్చింది. "వదినా, మీరూ దాని వైపేనా?" అంది. పద్దెనిమిదేళ్లకే భర్తని పోగొట్టుకుని, చంటిబిడ్డ తల్లిగా 1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన మన అయ్యలసోమయాజుల లలిత గురించి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "పెళ్లైనా ఆపక్కర్లేదన్నమాట" అంటూ లేచింది.

ఆ రాత్రి అటక మీది పెట్టె నేనూ కిందికి దించాను. మొదటినుంచీ మొదలుపెట్టాలి, తప్పదు. ఈసారి ఏదడిగినా అర్జీ రాసే అడుగుతాను, జవాబూ కాగితం మీదే తీసుకుంటాను. మీరూ అంతే చేయండి.