లారీ మరమ్మతు బిల్లులు: సొంత లారీ యజమానులు తెలిసికొనవలసిన సంగతులు

గోదావరి డెల్టాలో పంట పండించుట ఎంత ముఖ్యమో, దానిని సకాలమున అంగడికి చేర్చుటయు అంత ముఖ్యము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప చాల కాలము ఈ పనిని కాలువలలోని పడవలు చేసినవి. క్రమముగా రోడ్లు పెరిగినవి. 1974లో రాజమహేంద్రవరము వద్ద రోడ్డు, రైలు వంతెన ఏర్పడినది. నేడు మండపేట, తణుకు ప్రాంతముల ధాన్యము, అంబాజీపేట కొబ్బరి, రావులపాలెము అరటి, కడియము మొక్కలు, భీమవరము చేపలు, రొయ్యలు లారీల మీదనే తరలిపోవుచున్నవి.

ఈ లారీలన్నియు పెద్ద రవాణా కంపెనీలవి కావు. అప్పు చేసి ఒకే లారీ కొని, దానిని తామే నడుపుకొని, ఆ కిరాయితో కుటుంబమును పోషించుకొనువారు మన గ్రామములలో ఎందరో కలరు. వారికి నెలనెల వాయిదా తప్పదు. కోతల దినములలో లారీ పది దినములు షెడ్డులో నిలిచిపోయినచో కిరాయి పోవును. వాయిదా మాత్రము ఆగదు. ఆపై కంపెనీ డీలరు వర్క్‌షాపు వారి బిల్లు చేతికి వచ్చినప్పుడు యజమానికి దిక్కు తోచదు. కొందరు ఆ బిల్లు కట్టుటకై మరల అప్పు చేయుదురు. కొందరు లారీనే అమ్ముకొందురు. ఈ కష్టమును తగ్గించుకొను మార్గములు కొన్ని కలవు. వానిని పంచాయతీ సభ్యులు తెలిసికొని తమ గ్రామములోని యజమానులకు తెలుపుట మేలని మా మనవి.

మరమ్మతు ఊరు దాటుటకు కారణము

పూర్వపు లారీ ఇంజనులో డీజిలును పంపునది కేవలము యంత్రము. పంపును విప్పి, శుభ్రపరచి, తిరిగి బిగించు మేస్త్రీలు ప్రతి పట్టణములోను ఉండిరి. పెద్ద పని వచ్చినచో విజయవాడ పోయెడివారు. అచ్చట 1966లో ఏర్పడిన ఆటోనగరములో ఇంజను పని మొదలు బాడీ కట్టుట వరకు అన్నియు ఒకే చోట దొరకును.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట భారత్ స్టేజి 6 పొగ నియమములు అమలులోనికి వచ్చినవి. ఈ కొత్త లారీలలో డీజిలు ఎప్పుడు, ఎంత పోవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. పొగను శుద్ధిచేయు పరికరములు, వానిని కనిపెట్టు సెన్సారులు పొగ గొట్టములో అమర్చబడి ఉండును. దోషము ఎచ్చట ఉన్నదో తెలిసికొనుటకు స్కాన్ టూల్ అను పరికరము కావలెను. అది అందరు మేస్త్రీల వద్ద లేదు. అందుచేత యజమాని డీలరు వద్దకే పోవలసి వచ్చుచున్నది. పోటీ లేనిచోట ధర పెరుగుట సహజము.

పెద్ద బిల్లులను ముందుగనే ఆపవచ్చును

మొదటిది యూరియా ద్రవము. ఇది శుద్ధమైన నీటిలో 32.5 శాతము శుద్ధమైన యూరియా కలిపి తయారుచేసినది. పొగలోని విషవాయువులను తగ్గించుటకు దీనిని వాడుదురు. ఖర్చు కలసి వచ్చునని కొందరు చేలో చల్లు యూరియాను నీటిలో కరగించి పోయవచ్చునని తలంతురు. ఇది చాల నష్టకరము. ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉండును. ఇతర మలినములును ఉండును. అవి సన్నని గొట్టములలో పేరుకొని, శుద్ధిచేయు పరికరమును చెరుపును. కొద్ది రూపాయలు మిగిల్చబోయి, అత్యంత ఖరీదైన భాగమునే పోగొట్టుకొనుట జరుగును.

రెండవది వరద నీరు. కాలువగట్ల మీద, లంకల దారులలో నీరు నిలిచినప్పుడు లారీని లోతునకు దింపినచో గాలి గొట్టము ద్వారా నీరు ఇంజనులోనికి పోవచ్చును. అప్పుడు లోపలి కడ్డీలు వంగిపోవును. నీటిలో ఆగిన లారీని మరల స్టార్టు చేయరాదు. ఇంకొక వాహనముచే లాగించవలెను.

మూడవది వెల్డింగు. బాడీకి వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ తీగెలను, కంప్యూటరు కనెక్షనును ముందు విప్పవలెను. లేనిచో కరెంటు పోయి కంప్యూటరు చెడిపోవచ్చును. రొయ్యలు, చేపలు మోయు లారీలను ఉప్పునీరు పోవునట్లు మంచినీటితో కడుగుటయు మరువరాదు. ఉప్పు వలన తీగెల కొసలు తుప్పు పట్టును.

ఏ పని ఎవరి వద్ద

కమాను పట్టీలు, బ్రేకులు, గ్రీజు, టైర్లు, బాడీ, లైట్లు మొదలగు పనులను నమ్మకమైన స్థానిక మేస్త్రీ చేయగలడు. కంప్యూటరు, ఇంజెక్టరు, పొగ శుద్ధి పరికరములకు సంబంధించిన పనిని తగిన పరికరములున్న చోటనే చేయించవలెను.

బయట పని చేయించినచో వారంటీ పోవునని యజమానులు భయపడుదురు. ఈ విషయమై కాంపిటిషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన తీర్పు గమనింపదగినది. విడిభాగములను, దోషమును కనుగొను పరికరములను బయటి మేస్త్రీలకు అందనీయలేదని 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానాను కమిషన్ విధించినది. జరిమానా విషయమై కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. బయట పని చేయించిన మాత్రమున వారంటీ మొత్తము రద్దగునను షరతు కూడదనియు, బయటి పని లోపము వలన కలిగిన నష్టము మేరకే దానిని నిరాకరింపవచ్చుననియు కమిషన్ ఆదేశించినది. ఇది కార్లకు సంబంధించిన తీర్పైనను, దానిలోని న్యాయము లారీ యజమానికిని తెలిసియుండుట మంచిది. అయినను వారంటీ కాలములో తన లారీ వారంటీ పుస్తకమును చదివి, లేదా చదివించుకొని, ఆ తరువాతనే బయట పని చేయించవలెను.

తాళము ఇచ్చుటకు ముందు

బిల్లు చేతికి వచ్చిన పిదప వాదించుట కంటె, లారీని అప్పగించునప్పుడే జాగ్రత్తపడుట మేలు.

1. దోషమును తన మాటలలో చెప్పి జాబ్ కార్డులో వ్రాయించవలెను. కిలోమీటర్ల అంకె, ట్యాంకులోని డీజిలు కూడ అందు ఉండవలెను.

2. అంచనాను వ్రాతపూర్వకముగ తీసికొనవలెను. అంచనా మించు పని బయటపడినచో తన అనుమతి లేక చేయరాదని జాబ్ కార్డు మీదనే వ్రాయవలెను. అనుమతిని ఫోనులో నోటిమాటగ గాక, సందేశముగ పంపుట మంచిది.

3. స్కాన్ టూల్ చూపిన దోషముల పట్టికకు నకలు అడుగవలెను. ఒక సెన్సారు చెడినచో దానినే మార్చుట చాలునా, మొత్తము పరికరమును మార్చవలెనా అనునది దానిని చూపి ఇంకొక మేస్త్రీని అడుగవచ్చును.

4. తీసివేసిన పాత భాగములను తిరిగి ఇమ్మని ముందే చెప్పవలెను. వారంటీ క్రింద మార్చిన భాగములు మాత్రము కంపెనీకి పోవును.

5. బిల్లులో విడిభాగముల ధర, కూలి వేరువేరుగ ఉండవలెను. కొత్త భాగముల పెట్టె మీది గరిష్ఠ చిల్లర ధరను బిల్లుతో పోల్చవలెను. ఆ ధరకు మించి తీసికొన్నచో తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చును.

6. పన్నును సరిచూడవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి వాహనముల విడిభాగములపై జి.ఎస్.టి. 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. లక్ష రూపాయల భాగములపై పదివేల రూపాయల తేడా కలదు.

తగవు వచ్చినప్పుడు

బిల్లు అన్యాయమని తోచినను, డబ్బు కట్టక లారీని తెచ్చుకొనుట కష్టము. చేసిన పనికి తగిన ప్రతిఫలము ముట్టువరకు వస్తువును నిలుపుకొను హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను వలన పనివానికి కలదు. లారీ నిలిచిన ప్రతి దినమును నష్టమే కనుక, ఏ పద్దులకు అభ్యంతరమో వ్రాసియిచ్చి, ఆ అభ్యంతరముతోనే డబ్బు కట్టి, రసీదు పుచ్చుకొని, లారీని విడిపించుకొని, పిదప ఫిర్యాదు చేయుట వివేకము.

మొదట 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము. అచ్చట పరిష్కారము కానిచో జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవచ్చును. ఫిర్యాదిదారు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయుటకు 2019 చట్టము వీలు కల్పించినది. తగవు పుట్టిన రెండేండ్లలోపల వేయవలెను. చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరవలెనను నియమము లేదు. ఈ-జాగృతి పోర్టలు ద్వారా ఇంటినుండియే పంపవచ్చును.

ఇచ్చట ఒక ముఖ్య విషయము కలదు. వ్యాపారము కొరకు పొందిన సేవలకు ఈ చట్టము వర్తింపదు. కాని స్వయంగా పనిచేసి జీవనోపాధి పొందుటకు మాత్రమే కొనిన వస్తువును వాడుట వ్యాపారముగ లెక్కింపబడదు. లారీ కొని స్వయముగ నడుపుకొను వ్యక్తి వినియోగదారుడే అగునని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగు వర్క్స్ కేసులో ఉదాహరణగ చెప్పినది. కాబట్టి లారీ నడుపువాడు తానేయనియు, అదియే తన జీవనాధారమనియు ఫిర్యాదులో స్పష్టముగ వ్రాసి, తన డ్రైవింగు లైసెన్సును, లారీ రిజిస్ట్రేషను పత్రమును జతపరచవలెను. పెక్కు లారీలు కలిగి డ్రైవర్లచే నడిపించు యజమానికి ఈ మార్గము దొరకుట కష్టము. అతడు సివిలు కోర్టును ఆశ్రయింపవలసియుండును.

పంచాయతీ చేయగల సాయము

ఒంటరివానికి డీలరు వద్ద మాట చెల్లదు. పదిమంది కలసి పోయినచో కూలి రేట్లు తగ్గించి అడుగవచ్చును. అందరును కలసి ఒక స్కాన్ టూల్ కొని, నేర్చిన యువకుని చేత ఉంచవచ్చును. ఇట్టి కూడికకు పంచాయతీ సభ్యులు పూనుకొనవలెను. ఐ.టి.ఐ. చదివిన గ్రామ యువకులను కొత్త ఇంజనుల పని నేర్చుటకు ప్రోత్సహింపవలెను. పైన చెప్పిన ఆరు జాగ్రత్తలను ఒక కాగితముపై వ్రాయించి పంచాయతీ కార్యాలయము గోడకు అంటించినచో ఖర్చు ఏమియు లేదు. చదువు రాని యజమానికి జాబ్ కార్డు చదివి చెప్పుటయు, ఫిర్యాదు వ్రాసి పెట్టుటయు గ్రామసేవయే.

మన పంటను మోయువాని బండి ఆగినచో ఆ నష్టము అతనితో పోదు. రైతు కళ్లములోని ధాన్యము వరకు అది వచ్చును. అందుచేత అతని చేతిలో ఒక జాబ్ కార్డు, ఒక అంచనా, ఒక రసీదు ఉండునట్లు చూచుట గ్రామమునంతటిని కాచుకొనుటయే యగును.