పెక్కు పిలుపులు - కొలది తీగలు

పరీక్షా ఫలితములు వెలువడు ఉదయమున ఇంటింట ఒకే పని: సంఖ్యను టైపు చేయుట, తెర వంక చూచుట. తెరమీద ఏమియు రానిచో యంత్రశక్తి చాలలేదని తలంతుము. పలుమారు లోపము శక్తిలో లేదు. డేటాబేసు గుమ్మమువద్ద నున్నది.

పోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధ డేటాబేసును తీసికొందము. తన్ను పిలిచిన ప్రతి కనెక్షనునకును అది ఒక్కొక్క ప్రాసెసును నియమించును. పిలిచినవారు ఏమియు అడుగక ఊరకున్నను ఆ ప్రాసెసు కొంత మెమొరీని ఆక్రమించియే యుండును. అందుచే తొలి అమరికలో పరిమితి 100 కనెక్షనులు. అందు 3 సర్వాధికారికి ప్రత్యేకము. మిగిలినవి 97. నాలుగు అప్లికేషను సర్వర్లు తలా 30 కనెక్షనులు తెరవబోయినచో లెక్క 120కి చేరును. చివర వచ్చినవారికి ‘క్షమింపుడు’ అను మాటతో తిరస్కారము లభించును. యంత్రమునకును మర్యాద తెలియును గాని, ఆ మర్యాద విద్యార్థి తల్లికి ఉపకరింపదు.

పరిమితిని 1000కి పెంచిన చాలదా యందురు. ప్రాసెసులు పెరిగినకొలది మెమొరీయు, ప్రాసెసరు కాలమును వాని పోషణకే వ్యయమగును. పైగా క్లౌడు సంస్థలు నిర్వహించు క్లస్టరులలో ఈ పరిమితి మనము కొనిన మెమొరీని బట్టి యుండుట పరిపాటి.

పూర్వపు టెలిఫోను ఎక్స్ఛేంజిని తలచుకొనుడు. ఊరిలో టెలిఫోనులు వందలు. పొరుగూరికి ట్రంకు లైనులు కొన్నియే. మాట ముగిసినంతనే లైను మరియొకరికి. 2007లో వెలువడిన పీజీబౌన్సర్ అను పూలరు చేయునది ఇదియే.

అమరికలో ముఖ్యమైనది లైనును ఎప్పుడు వాపసు తీసికొనవలె నను ప్రశ్న. సెషను పద్ధతిలో పిలిచినవారు వెడలువరకు లైను వారిదే, లాభము స్వల్పము. ట్రాన్సాక్షను పద్ధతిలో ఒక లావాదేవి ముగియగనే లైను మరలును. ఇదియే మేలు, కాని వెల కలదు. సెషను కొరకు చేసిన సెట్టింగులు, సెషను అడ్వైజరీ లాకులు, ‘లిజన్’ ఆజ్ఞ నమ్మదగినవి కావు. ఏలయన తరువాతి మాట వేరొక లైనుపై పోవచ్చును. ముందుగా సిద్ధపరచిన ప్రశ్నల చిక్కు మాత్రము 2023లో వచ్చిన 1.21 కూర్పుతో చాలవరకు తీరినది. ఇక లావాదేవి నడుమ బ్యాంకు జవాబుకై వేచియుండు ప్రోగ్రాము కలదు. లైను పట్టుకొని కూర్చుండు ఆ జబ్బునకు ఏ పూలరును మందు కాదు.

పూలు పరిమాణము తొలుత 20. ఇది మొత్తమునకు కాదు, ఒక్కొక్క డేటాబేసు-వినియోగదారు జంటకు. ఒకే డేటాబేసునకు ముగ్గురు వినియోగదారులున్న 60. పూలర్లు రెండున్న 120. మరల 97 దాటితిమి! ఈ గుణకారమును మరచుట బహుసులభము. 20ని 12కి తగ్గించిన 72 అగును. మిగిలినవి నిర్వహణ పనులకుండును. పూలరువద్దకు వచ్చువారి పరిమితి తొలుత 100 మాత్రమే. దానిని వేలకు పెంచవలెను, నిరీక్షణ అచ్చట చౌక. నిరీక్షణ గడువు 120 సెకండ్లు. ఫలితముల దినమున అంతసేపు ఎవ్వరు ఓర్తురు? 10 సెకండ్లు చాలునని నా అభిప్రాయము.

క్లస్టరులో ప్రధాన యంత్రము చెడినచో దాని ప్రతిరూపము పదవి స్వీకరించును. కావున పూలరునకు ఒక యంత్రపు అంకెల చిరునామా గాక, క్లస్టరునకు సంస్థ ఇచ్చిన పేరునే ఇయ్యవలెను.