మీకు తెలుసా? కౌండిన్యలో ఏనుగుల కాపురం

ఆంధ్రప్రదేశ్‌లో ఏనుగుల కోసం ఏర్పడిన అభయారణ్యం ఒకటుంది. చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో దాదాపు 358 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న కౌండిన్య అడవే అది.

సుమారు రెండు వందల ఏళ్లపాటు ఈ కొండల్లో అడవి ఏనుగుల జాడే లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు ఇటు నడిచొచ్చాయి. వచ్చినవి వెళ్లిపోకుండా ఇక్కడే మకాం వేయడంతో 1990లో ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది.

పాలారు ఉపనదులైన కౌండిన్య, కైగల్ ఈ అడవి గుండానే పారతాయి.

పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. అడవిలో అది చాలనప్పుడు చెరకు, అరటి, వరి చేలే దిక్కు! పొలాల మీద పడే గుంపులను మళ్లించడానికి అటవీశాఖ కుంకీలను, అంటే శిక్షణ పొందిన ఏనుగులను వాడుతుంది. 2025 మే నెలలో కర్ణాటక నాలుగు కుంకీలను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది.

చూడ్డానికి వెళ్లేవారు ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఏనుగు ఎదురుపడితే సెల్ఫీ కోసం దగ్గరికి వెళ్లొద్దు. దారి వదిలి దూరంగా ఉండండి.