కారుకు ఇంట్లోనే హంగులా? హెయిర్ డ్రైయర్‌తో మొదలై ఫ్యూజ్ దాకా వెళ్తే.. ఇవి తెలుసుకోండి!

ఆదివారం వచ్చిందంటే చాలు.. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక్క కారైనా డోర్లు బార్లా తెరుచుకుని కనిపిస్తుంది. పక్కనే ఫోన్‌లో యూట్యూబ్ వీడియో, చేతిలో స్క్రూడ్రైవర్. సీట్ కవర్లు, కొత్త స్పీకర్లు, ఆండ్రాయిడ్ స్క్రీన్.. షాపువాడికి మజూరీ ఇచ్చే బదులు మనమే బిగించుకుంటే పోలా అన్న ధీమా. నిజం చెప్పాలంటే ఆ ఆనందం వేరు. సొంత చేత్తో పెట్టుకున్న రివర్స్ కెమెరా మొదటిసారి వెలిగినప్పుడు వచ్చే కిక్కు, బిల్లు కట్టి చేయించుకుంటే రాదు.

గొడవంతా ఇంట్లోనే. పాత స్టిక్కర్ పీకాలంటే వేడి తగలాలి, అప్పుడే జిగురు మెత్తబడుతుంది. అంతే, చెల్లెలి హెయిర్ డ్రైయర్ సెల్లార్‌కు దిగుతుంది. మిగిలిన జిగురు తుడవడానికి ఉతికి ఆరేసిన టవల్, తీసిన ఆయిల్ పట్టడానికి వంటింటి బేసిన్ వెళ్తాయి. అవి తిరిగి లోపలికి రావు, వచ్చినా అమ్మ రానివ్వదు! ఇక స్ప్రే పెయింట్ సంగతి సరేసరి. గాలికి సన్నటి తుంపర ఎగిరి పక్కింటివాళ్ల తెల్ల కారు మీద వాలిందంటే ఆ వారం అసోసియేషన్ మీటింగ్‌లో మీరే హైలైట్.

డోర్ ప్యాడ్ విప్పేటప్పుడు చాకు, స్క్రూడ్రైవర్ వాడొద్దు. ప్లాస్టిక్ పట్టీలు చవగ్గానే దొరుకుతాయి. లోపలి క్లిప్పు ఒక్కటి విరిగినా గతుకుల్లో కటకటమంటూనే ఉంటుంది.

ఇదంతా నవ్వుకునే వ్యవహారం. నవ్వలేనిది వైరింగ్. మన చాలా కార్లలో హెడ్‌లైట్‌కు వచ్చే హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లది. వెలుగు చాలడం లేదని 100/90 వాట్ల బల్బు పెట్టేస్తుంటారు. 12 వోల్టుల దగ్గర 60 వాట్లకు 5 ఆంపియర్లు సరిపోతాయి. 100 వాట్లకు 8 దాటుతుంది. వైరు మాత్రం అదే. వేడి కరెంట్‌తో పాటు సమానంగా పెరగదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే వైరులో దాదాపు మూడు రెట్ల వేడి అన్నమాట. ముందు హోల్డర్ కరుగుతుంది, తర్వాత వైరు తొడుగు.

అసలు ప్రమాదం ఇంకోటి. కొత్త హంగు పెట్టాక ఫ్యూజ్ కొట్టేస్తుంటే, దాని స్థానంలో పెద్ద ఫ్యూజ్ పెట్టేవాళ్లున్నారు. 10 ఆంపియర్ల చోట 30 పెడితే ఇక ఫ్యూజ్ కాలదు, దాని బదులు వైరు కాలుతుంది. లోడ్ ఎక్కువైతే బ్యాటరీ నుంచి విడిగా రిలే, సరైన మందం వైరు, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజ్ పెట్టాలి. టేపు చుట్టి వదిలేసిన జాయింట్ మన ఎండలకు ఎన్నాళ్లు ఆగుతుందో మీకే తెలుసు.

సీట్ కవర్ దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే, బ్యాగ్ అక్కడ చీల్చుకుని బయటికి రావాలి. మొత్తం కప్పేసే బిగుతు కవర్ దానికి అడ్డం. సీటు కింద పసుపు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లొద్దు, సాధారణంగా అవి ఎయిర్‌బ్యాగ్‌వే. ఇక జాకీ టైరు మార్చడానికే. కిందకు దూరాలంటే స్టాండ్లు ఉండాల్సిందే. ఇటుకలు పేర్చి దూరడం మహా ప్రమాదం, బరువు పడితే అవి పగిలిపోతాయి.

మరి చట్టం? కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహన చట్టంలోని 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా కూడా బండికి కాదండోయ్, ఒక్కో మార్పుకు! సీట్ కవర్లు, మ్యూజిక్ సిస్టమ్‌లకు ఇబ్బంది లేదు. రంగు మార్చాలంటే మాత్రం ఆర్టీఏకు చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ముందు, వెనుక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. ముందు బంపర్‌కు ఇనుప గార్డులు పెట్టొద్దని కేంద్రం 2017లోనే చెప్పింది. బీమా కంపెనీకి చెప్పకుండా వైరింగ్ మారిస్తే, రేపు మంటలు వచ్చినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు.