సాన పట్టకుండానే ఆరు పలకలు

తొలకరి వాన వెలిసి ఎండ కాస్తే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతాల చేలల్లో జనం నేల చూపులు చూస్తూ తిరుగుతారు. వజ్రం దొరుకుతుందని ఆశ. కూలి పనులు మానుకుని, సద్ది కట్టుకుని వచ్చేవారూ ఉన్నారు. అయితే తళుక్కున మెరిసి కళ్లను మోసగించే రాయి మరొకటి ఉంది. అద్దంలా తేటగా, ఎవరో సాన పట్టినట్లు ఆరు పలకలతో మొనదేరి ఉంటుంది. అదే స్ఫటికం. మన పలుగురాయికి స్వయానా తోబుట్టువు.

ఆ పలకలు ఎవరూ చెక్కినవి కావు. భూమి లోపలి వేడినీటిలో సిలికా కరిగి ఉంటుంది. ఆ నీరు రాతి నెర్రెల్లో చల్లారినప్పుడు సిలికా పేరుకుంటుంది. చోటు ఇరుకైతే తెల్లని పలుగురాయిగా గడ్డ కడుతుంది. ఖాళీ దొరికితే నిదానంగా పెరిగి స్ఫటికమవుతుంది. చిటికెన వేలంత ఉన్నా, రోకలంత ఉన్నా పక్క పలకల మధ్య కోణం 120 డిగ్రీలే. స్ఫటికాల కోణాలు మారవన్న సంగతిని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్టెనో 1669లో బయటపెట్టాడు.

దీనికి మరో గుణం ఉంది. నొక్కితే విద్యుత్తు పుడుతుంది. ఫ్రాన్సుకు చెందిన క్యూరీ సోదరులు 1880లో ఈ విషయం కనుగొన్నారు. విద్యుత్తు తగిలిస్తే తిరిగి కంపిస్తుంది. క్వార్ట్జ్ చేతి గడియారంలోని స్ఫటికపు ముక్క సెకనుకు 32,768 సార్లు కంపించి కాలాన్ని లెక్కపెడుతుంది. కానీ గడియారాలకు వాడేది ఫ్యాక్టరీలో పెంచిన స్ఫటికమే. అందువల్ల చేలో దొరికిన ముక్కకు వజ్రపు ధర ఆశించడం అత్యాశే. జపమాలలకు, శివలింగాలకు మాత్రం తేట స్ఫటికానికి ఆదరణ ఉంది.

చాలామంది రాయితో గాజు మీద గీసి చూస్తారు. గీత పడగానే వజ్రమేనని సంబరపడతారు. పొరపాటు ఇక్కడే! స్ఫటికం కూడా గాజును గీస్తుంది. దాని కాఠిన్యం 7, వజ్రానిది 10. రెండూ గాజు కన్నా గట్టివే. సుత్తితో కొట్టి చూడటం మరీ ప్రమాదం. ఎంత గట్టిదైనా వజ్రం దెబ్బకు పగులుతుంది.

ముందుగా ఆకారం చూడాలి. స్ఫటికానికి ఆరు పక్క పలకలు, వాటిపై అడ్డంగా సన్నని గీతలు ఉంటాయి. వజ్రం తరచుగా రెండు గోపురాలను అడుగులు కలిపి అతికినట్లు ఎనిమిది ముఖాలతో ఉంటుంది. వాగు నీటికి దొర్లి పలకలు అరిగిపోతే తూకమే దారి. కంసాలి తక్కెడకు రాయిని దారంతో కట్టి, గాలిలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచాలి. 10 గ్రాముల స్ఫటికం నీళ్లలో సుమారు 3.8 గ్రాములు తగ్గుతుంది. వజ్రమైతే 2.8 గ్రాములే తగ్గుతుంది. టోపాజ్ అనే రాయి కూడా ఇంచుమించు వజ్రంలాగే తూగుతుంది కనుక, అప్పుడు రత్నాల ప్రయోగశాలలో చూపించాలి.

వజ్రమన్న మాట నమ్మి అప్పుచేసి స్ఫటికం కొన్నా నష్టమే. పలుగురాయన్న దళారి మాటకు తలూపి నిజమైన వజ్రాన్ని ఇచ్చేసినా నష్టమే. బేరానికి ముందు తక్కెడ, చెంబెడు నీళ్లు దగ్గర పెట్టుకుంటే చాలు.