సగటు చెప్పని సంగతి

పరీక్షలు ముగిసినతోడనే ఉపాధ్యాయులమైన మేము చేయు మొదటి పని మార్కులకు సగటు కట్టుట. సగటు 40 అని తేలగానే తరగతి మధ్యరకమైనదని తీర్పు చెప్పుదుము. కాని యందఱికిని 40 వచ్చినను సగటు 40. సగముమందికి 70, సగముమందికి 10 వచ్చినను సగటు 40. ఈ రెండవ తరగతిలో 40 వచ్చిన బాలుడొక్కడును లేడు! మేమును పలుమాఱు లీ పొరపాటు చేసినవారమే. జీవశాస్త్రపరిశోధనమునందును సగటును నమ్ముటకు ముందు సంఖ్యలు పరచుకొనియున్న తీరును పరీక్షింపవలెను. దీనికి గొప్ప నిదర్శనమొకటి కలదు.

బాక్టీరియములను చంపు వైరసులున్నవి. అట్టి వైరసును కలిపినపుడు కోట్లకొలది బాక్టీరియములు చచ్చినను కొన్ని బ్రదుకును. వాని సంతతియు వైరసునకు లొంగదు. ఈ శక్తి వైరసు తగిలిన పిమ్మట కలిగినదా? లేక అంతకుముందే యాదృచ్ఛికముగా కలిగియుండెనా? 1943లో అమెరికాలో సాల్వడోర్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ అను శాస్త్రజ్ఞులు దీనికి సమాధానము ప్రకటించిరి.

వారి యుపాయమిది. కొలది బాక్టీరియములను పెక్కు గాజుగొట్టములలో వేఱువేఱుగా పెంచిరి. పిదప ఒక్కొక్క గొట్టములోని వానిని వైరసుగల పళ్లెములపై పోసి, బ్రదికినవానిని లెక్కించిరి. వైరసు తగిలిన పిమ్మటనే శక్తి కలుగునెడల అన్ని గొట్టములకును అవకాశమొక్కటియే. సంఖ్యలు సగటు చుట్టును చేరవలెను. సగటునుండి ఆయా సంఖ్యలకు గల దూరములను వర్గించి, ఆ వర్గములకు సగటు కట్టినచో, ప్వాసోన్ అను ఫ్రెంచి గణితజ్ఞుని నియమము ననుసరించి, అది మొదటి సగటునకు ఇంచుమించు సమానము కావలెను. శక్తి ముందే కలుగునెడల అట్లు కాదు. తొలితరములలో మార్పు జరిగిన గొట్టమున సంతతి పెరిగి సంఖ్య మిక్కిలి పెద్దదగును. తక్కినవానిలో స్వల్పమో శూన్యమో యగును.

ఒక ప్రయోగమున 20 గొట్టములుండెను. 11 గొట్టములలో సున్న. 6 గొట్టములలో 1 మొదలు 6 వఱకు. తక్కిన మూడింట 35, 64, 107. సగటు 11 కు కొంచెము హెచ్చు. దూరవర్గముల సగటు 700 కు మించినది! ఒకే గొట్టమునుండి పెక్కు భాగములు తీసి లెక్కించినపుడు మాత్రము ఆ రెండును దగ్గఱగానే యుండెను. కావున దోషము లెక్కించిన విధమునందు లేదు. శక్తి ముందే కలుగుచున్నదని తేలెను.

35, 64, 107 అను వానిని పొరపాటులని త్రోసివేసియుండినచో సత్యము మఱుగుపడియుండును. క్షయరోగికి ఒక్క మందుగాక పలుమందులు కలిపి యిచ్చుటకు ఒక కారణమును ఇదియే: ఒక మందునకు లొంగని క్రిమి రోగియందు ముందే యుండవచ్చును, అన్నిటికిని లొంగనిది మిక్కిలి యరుదు.

కావున విద్యార్థులారా, సగటు కట్టుటకు ముందు సంఖ్యలను గీతపై చుక్కలుగా గుర్తించి చూడుడు. గుంపు ఒకటియో రెండో, దూరముగా నిలిచినదేదో కనబడును. మేమును ఇకమీదట మార్కుల పట్టికను అట్లే చూచెదము; వెనుకబడిన బాలుడు సగటు చాటున దాగియుండరాదు.